కొండచీపురు గడ్డి పెంపకం: పిలక నాటడం నుంచి చీపురు కట్టేదాకా

కొండచీపురు గురించి తరచూ వచ్చే ప్రశ్నలు మూడు. దుబ్బు ఏపుగా పెరిగింది గానీ పూత సరిగా రాలేదు, ఎందుకు? కోసి ఎండబెడితే నల్లబడింది, ఎందుకు? కట్టిన చీపురు నెల తిరక్కుండానే రాలిపోతోంది, ఎందుకు?

మొదటిదానికి జవాబు స్థలం ఎంపికలోనూ పిలక ఎంపికలోనూ ఉంటుంది. మిగతా రెండింటికీ జవాబు కోత రోజులోనూ ఎండబెట్టే తీరులోనూ ఉంటుంది. అందుకే ఈ రెండు చోట్లా ఎక్కువసేపు ఆగుతాను. మధ్యలో ఉండే కలుపు, ఎరువు పెద్ద కష్టమైన పనులు కావు.

ఇక్కడ చెప్పేదంతా తూర్పు కనుమల్లో పాడేరు, చింతపల్లి, అరకు వైపు ఉండే కొండ వాలు భూముల్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది.

## 1. ముందు గడ్డిని గుర్తుపట్టండి

పిలకలు తెచ్చుకునేటప్పుడు వేరే గడ్డి తెచ్చి నాటుకున్నవాళ్లు ఉన్నారు. పూత లేని కాలంలో పొరపాటు పడటం తేలికే.

కొండచీపురు దుబ్బుగా పెరిగే బహువార్షిక గడ్డి. శాస్త్రీయ నామం థైసనోలీనా లాటిఫోలియా. కొండ వాగుల పక్కన, ఊట చెమ్మ ఉండే వాలుల్లో, అడవి అంచుల్లో తనంతట తానే మొలుస్తుంది.

గుర్తులు ఇవి:

- ఎత్తు మనిషిని దాటుతుంది. మంచి చోట 3 మీటర్ల దాకా పోతుంది.
- ఆకు వెడల్పుగా, దళసరిగా, వెదురు ఆకును గుర్తుచేసేలా ఉంటుంది. కాడను చుట్టుకునే చోట గుండ్రంగా, కొస సూదిగా ఉంటుంది.
- కాడను అడ్డంగా కోస్తే లోపల గట్టిగా నిండి ఉంటుంది. వెదురులా బోలుగా ఉండదు.
- కంకి పెద్దది. వందల సన్నటి కొమ్మలతో ఒక పక్కకు వంగి వేలాడుతుంది.

ఆకు సన్నగా, అంచు కోసేలా ఉండి, పూత తెల్లటి పట్టులా మెరిస్తే అది రెల్లు. ఆకు మీద విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటే అది కూడా వేరే గడ్డే. అనుమానం ఉంటే కాడ కోసి చూడండి. దానితోనూ తేలకపోతే పూత వచ్చేదాకా ఆగండి.

## 2. స్థలం సరిపోతుందా లేదా

దీనికి చెమ్మ కావాలి, కానీ నీళ్లు నిలవకూడదు. స్థలం విషయంలో తెలుసుకోవాల్సింది చాలావరకు ఈ ఒక్క మాటలోనే ఉంది.

వాన కురిసిన మరుసటి రోజు స్థలం దగ్గరికి వెళ్లి చూడండి. గునపంతో ఒక అడుగు లోతు తవ్వండి. మట్టి తడిగా ఉండి, గుంతలో నీరు నిలవకపోతే అది సరైన చోటు. గంట తర్వాత కూడా నీరు అలాగే ఉంటే దుబ్బు మొదలు కుళ్లుతుంది. అక్కడ నాటకండి, లేదా నీరు జారేలా పక్క కాలువ తీసి మరుసటి ఏడాది నాటండి.

వాలు ఎక్కువైనా, రాళ్లు ఉన్నా, వరికీ కూరగాయలకూ పనికిరాని నేలైనా ఫర్వాలేదు. నిజానికి అలాంటి చోటే దీనికి తగినది. మంచి మడిని దీనికోసం వాడుకోవడం అనవసరం.

నీడ విషయంలో చాలామంది మోసపోతారు. పెద్ద చెట్ల కింద ఆకు పచ్చగా, ఒత్తుగా వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కంకి మాత్రం పలచగా, పొట్టిగా వస్తుంది. "పెరిగింది గానీ పూయలేదు" అనేవాళ్ల తోటల్లో చాలావాటికి ఇదే కారణం. రోజులో సగం పూటైనా నేరుగా ఎండ తగలాలి. కాఫీ తోటలో చెట్ల మధ్య వేయాలనుకుంటే లోపల కాకుండా అంచుల్లో, గట్ల మీద వేయండి.

మైదాన ప్రాంతంలో వేసవి ఎండకు మాడే మెట్ట భూముల్లో ఇది బతికినా మంచి చీపురు ఇవ్వదు. అక్కడి నుంచి అడిగేవాళ్లకు నా సలహా ఒకటే: వద్దు.

## 3. ఏడాదిలో ఏ పని ఎప్పుడు

- జనవరి, ఫిబ్రవరి: తల్లి దుబ్బుల్ని ఎంచి గుర్తు కట్టడం. పాత తోటలో కోత.
- మార్చి, ఏప్రిల్: విత్తనంతో పెంచేవాళ్లు విత్తనం సేకరించి నారుమడి పోయడం. మంట పాకకుండా తోట చుట్టూ అడ్డు గీత తీయడం.
- మే: వాలు మీద వరసలు గీయడం, గుంతలు తీయడం.
- జూన్, జూలై మొదటి సగం: పిలకలు నాటడం.
- ఆగస్టు నుంచి అక్టోబరు: కలుపు, ఖాళీలు పూడ్చడం (ఇది ఆగస్టులోనే), మొదలుకు మట్టి ఎగదోయడం.
- డిసెంబరు చివర నుంచి మార్చి: పూత, కోత, ఎండబెట్టడం. ఎత్తునూ చలినీ బట్టి ఊరు ఊరుకూ కొంచెం అటూ ఇటూ అవుతుంది.

## 4. తల్లి దుబ్బును పూతలో ఉన్నప్పుడే ఎంచుకోండి

పిలకలు తీసేది జూన్‌లో. అప్పటికి పూత ఉండదు, అన్ని దుబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. కంటికి లావుగా ఉన్నది చూసి తవ్వుకొస్తారు. లావు దుబ్బంటే మంచి కంకి అని కాదు. పిలక నుంచి వచ్చే మొక్క అచ్చం తల్లి లాంటిదే కాబట్టి తల్లి కంకి పొట్టిదైతే తోటంతా పొట్టి కంకులే.

అందుకని జనవరి, ఫిబ్రవరిలోనే తిరిగి చూసి, నచ్చిన దుబ్బుకు రంగు గుడ్డ పేలిక కట్టండి. చూడాల్సినవి:

- కంకి పొడవు, దానికన్నా ముఖ్యంగా ఒత్తు. గుప్పిట్లో పట్టుకుంటే నిండుగా అనిపించాలి.
- కంకి కింది కాడ నిటారుగా, సన్నగా, కణుపు లేకుండా పొడవుగా ఉండటం. చీపురు పిడి అయ్యేది ఇదే.
- ఒక దుబ్బులో పూసిన కాడలు ఎన్ని, పూయనివి ఎన్ని.
- వయసు మూడేళ్ల పైమాటే అయినా మధ్యలో ఎండిపోకుండా ఉండటం.

పిలకలు ఎక్కడివి అన్నది కూడా చూసుకోవాలి. రిజర్వు అడవిలోకి వెళ్లి దుబ్బులు తవ్వుకురావడం మంచిది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో ఉండే గిరిజనులకూ, తరతరాలుగా అడవిని నమ్ముకున్న ఇతరులకూ చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించి అమ్ముకునే హక్కు ఉంది. బయటివాళ్లకు ఆ హక్కు లేదు. హక్కు ఉన్నవాళ్లయినా దుబ్బును వేళ్లతో పెకలిస్తే పక్క ఏడాది ఊరికి కంకి దొరకదు. పెంచుతున్న రైతు దగ్గర కొనుక్కోవడం అన్నివిధాలా మేలు.

## 5. పిలకలు తీసే పద్ధతి

నేల బాగా తడిసేలా రెండు మూడు వానలు పడ్డాకే మొదలుపెట్టండి. తొలకరి చినుకుకే తొందరపడితే, తర్వాత వాన వెనక్కి తగ్గినప్పుడు పిలకలు ఎండిపోతాయి.

1. దుబ్బు కాడల్ని భూమి నుంచి ఒక అడుగు పైన కొడవలితో కోసేయండి. ఆకు ఉంటే చెమ్మ అంతా ఆకు నుంచే పోతుంది.
2. దుబ్బు మొత్తాన్ని పెకలించకండి. ఒక పక్క నుంచి గునపం దింపి సగానికి మించకుండా విడదీయండి. మిగిలిన సగానికి అక్కడికక్కడే మట్టి కప్పండి.
3. తీసిన ముక్కను పదునైన కత్తితో విడదీయండి. చేతులతో లాగితే వేరు మొదలు చిరుగుతుంది.
4. ఒక్కో ముక్కలో 2 లేదా 3 కాడలు, కింద కాస్త దుంప, దానికి వేళ్లు ఉండాలి. దుంప మీద తెల్లగానో లేత ఎరుపుగానో ఒక మొగ్గ కనిపించాలి. మొగ్గ లేని ముక్క పచ్చగా ఉన్నా వదిలేయండి.
5. మరీ పొడవైన వేళ్లను జానెడు ఉంచి కత్తిరించండి. గుంతలో మెలితిరిగిన వేరు కన్నా కత్తిరించిన వేరు మేలు.
6. తడి గోనెసంచిలో చుట్టి నీడలో పెట్టండి. అదే రోజు నాటగలిగితే సరే. లేకపోతే మరుసటి రోజు దాటనివ్వకండి.

పిలకలు చచ్చిపోయాయని చెప్పేవాళ్లను "తవ్విన రోజు ఎక్కడ పెట్టారు?" అని అడిగితే చాలాసార్లు ఆటో మీదో గట్టు మీదో ఎండలో ఉన్నాయని తేలుతుంది. ఒక పూట ఎండకు వేరు పీచు ఎండితే తర్వాత ఎంత వాన పడినా ప్రయోజనం ఉండదు.

## 6. విత్తనంతో పెంచాలనుకుంటే

పెద్ద స్థలానికి పిలకలు చాలనప్పుడు మాత్రమే ఈ దారి పట్టండి. విత్తనం దుమ్ములా ఉంటుంది, మొక్కలన్నీ ఒకేలా రావు, కోతకు ఇంకో ఏడాది ఆలస్యమవుతుంది.

బాగా ముదిరి గింజ రాలుతున్న కంకిని గుడ్డ మీద దులిపి, అదే సీజన్‌లో వాడేయండి. పాత విత్తనం మొలక శాతం బాగా పడిపోతుంది. మీటరు వెడల్పు ఎత్తుమడి చేసి, పైమట్టి జల్లెడ పట్టి, విత్తనాన్ని సన్న ఇసుకలో కలిపి పలచగా చల్లండి. మట్టి కప్పకండి, అరచేత్తో అద్దితే చాలు. పైన పలచగా ఎండుగడ్డి పరిచి, సన్న రంధ్రాల క్యానుతో నీళ్లు చల్లండి. ధారగా పోస్తే విత్తనమంతా మడి చివరకు చేరుతుంది. మొలకలు కనబడగానే గడ్డి తీసేయండి. జానెడు ఎత్తుకు వచ్చిన నారును జూలైలో నాటుకోవచ్చు.

## 7. వాలు మీద వరసలు గీయడం

వరసలు వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో ఉండాలి. పై నుంచి కిందికి వరస పెడితే ఆ వరసే వాన నీటికి కాలువ అవుతుంది. అడ్డంగా పెడితే రెండు మూడేళ్లలో ప్రతి వరస వెనకా కొట్టుకొచ్చిన మట్టి పేరుకుని చిన్న గట్టు తయారవుతుంది.

కంటితో చూసి మట్టం గీయడం కుదరదు, కొండ మీద కన్ను తప్పకుండా మోసం చేస్తుంది. మూడు కర్రలతో ఒక చట్రం చేసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

1. సమాన పొడవున్న రెండు కర్రలు, సుమారు 2 మీటర్లవి, పైన ముడివేసి కాళ్లు చాపినట్టు నిలబెట్టండి. మధ్యలో అడ్డకర్ర కట్టండి.
2. పై ముడి నుంచి దారం వేలాడదీసి, చివర రాయి కట్టండి. దారం అడ్డకర్రను దాటి కిందికి రావాలి.
3. చట్రాన్ని కొంచెం ఏటవాలు నేల మీద నిలబెట్టి, రెండు కాళ్ల చోటా మేకులు దిగ్గొట్టండి. దారం అడ్డకర్రను తాకే చోట గీత గీయండి.
4. చట్రాన్ని తిప్పి, కుడికాలి చోట ఎడమకాలు వచ్చేలా పెట్టండి. మళ్లీ గీత గీయండి.
5. రెండు గీతలకూ సరిగ్గా మధ్యలో మూడో గీత గీయండి. మట్టం గుర్తు అదే.

ఇక పొలంలో ఒక కాలు స్థిరంగా ఉంచి, దారం మధ్య గీత మీదికి వచ్చేదాకా రెండో కాలు పైకీ కిందికీ జరపండి. సరిపోయిన చోట మేకు కొట్టి, ఆ కాలు ఆధారంగా ముందుకు నడవండి. గాలి ఎక్కువగా ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు. దారం ఊగి విసిగిస్తుంది.

## 8. దూరం, గుంత, నాటు

మొక్కకూ మొక్కకూ, వరసకూ వరసకూ 2 మీటర్లు ఉంచితే ఎకరాకు సుమారు 1000 పిలకలు పడతాయి. నేల సారవంతమైతే 2.5 మీటర్లకు పెంచండి, అప్పుడు 650 దాకా సరిపోతాయి. వాలు బాగా నిటారుగా ఉంటే వరసలో దూరం మీటరున్నరకు తగ్గించి, వరసల మధ్య రెండున్నర మీటర్లు ఉంచండి. ఖాళీలు పూడ్చడానికి నూటికి పది చొప్పున పిలకలు ఎక్కువే సిద్ధం చేసుకోండి.

పై వరసలో రెండు మొక్కల మధ్య ఖాళీకి ఎదురుగా కింది వరసలో మొక్క రావాలి. అలా ఉంటే పైన తప్పించుకున్న నీటి ఉరవడిని కింది దుబ్బు ఆపుతుంది.

"ఇంత దూరమెందుకు, నేల వృథా కదా" అని మొదటి ఏడాది అందరికీ అనిపిస్తుంది. మూడో ఏడాదికి దుబ్బులు ఒకదాన్నొకటి తాకుతాయి. దగ్గరగా నాటితే లోపలి కాడలకు ఎండ అందదు, కోతకు మనిషి దూరే దారీ ఉండదు.

నాటే క్రమం:

1. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క పోయండి.
2. ఒకటి రెండు కిలోల మాగిన గెత్తాన్ని (పశువుల ఎరువును) పైమట్టిలో కలిపి గుంతలో సగం నింపండి. మాగని పేడ వేస్తే వేడికి కొత్త వేరు దెబ్బతింటుంది, చెదలూ పడతాయి.
3. పిలకను నిలబెట్టి, దుంప నేల మట్టానికి రెండు వేళ్ల లోతున ఉండేలా చూడండి. అంతకన్నా లోతైతే మొగ్గ పైకి రాలేక కుళ్లుతుంది.
4. మట్టి పోసి మడమతో గట్టిగా తొక్కండి. కాడ పట్టి లాగితే కదలకూడదు.
5. మొదలు చుట్టూ మట్టి కొంచెం ఎత్తుగా ఉంచండి. నీరు నిలిచేలా పాదు చేయకండి, వానాకాలంలో అది దోషమే.
6. కోసిన ఆకునే చుట్టూ పరిచేయండి.

## 9. మొదటి ఏడాది కాపలా

నాటిన 3, 4 వారాలకు కొత్త చిగుళ్లు కనబడతాయి. అప్పటికీ చిగురు రానిచోట గోటితో కాడ మొదలు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఇంకో రెండు వారాలు ఆగండి. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆగస్టు దాటకముందే తీసేసి మరో పిలక పెట్టండి. ఆగస్టు దాటితే వేరు పట్టుకునేలోగా వానలు వెళ్లిపోతాయి.

కలుపు మొదటి ఏడాది రెండు మూడుసార్లు తీయక తప్పదు. నేలంతా గీకి నున్నగా చేయకండి, మొక్క చుట్టూ మూరెడు మేర తీస్తే చాలు. మధ్యలో గడ్డిని కొడవలితో కోసి అక్కడే పడేయండి. వాలులో నేల బోసిగా ఉంటే ఒక్క గట్టి వానకు పైమట్టి వాగులో కలుస్తుంది.

వరసల మధ్య ఖాళీలో మొదటి ఏడాది రాజ్‌మా, వలిసెలు వేసుకోవచ్చు. అల్లం, పసుపు మాత్రం నిటారు వాలులో వద్దంటాను. తవ్వి తీసే పంట ఏదైనా, ఆ తవ్వకంతోనే మట్టి వదులవుతుంది.

పశువులు, మేకల నుంచి కాపాడటం ఎరువు కన్నా ముఖ్యం. లేత చిగురంటే వాటికి ప్రాణం. ముళ్ల కంప కట్టండి, లేదా ఆ సీజన్ వరకు మందను అటు తోలకుండా ఊళ్లో మాట్లాడుకోండి.

మొదటి శీతాకాలంలో అక్కడక్కడా కంకులు వస్తాయి. కోసుకోవచ్చు గానీ వాటిని పంటగా లెక్క వేయకండి. అసలు కోత రెండో ఏడాది నుంచి. మూడు, నాలుగో ఏడాదుల్లో దుబ్బు మంచి ఊపు మీద ఉంటుంది.

## 10. కోత: ఏ రోజు, ఎలా

నాణ్యత ఇక్కడే తేలుతుంది. లేతగా కోస్తే పీచు ఎండి ముడుచుకుపోతుంది, చీపురు పలచనవుతుంది. ముదరనిస్తే గింజ, పొట్టు రాలుతూ ఉంటాయి, ఊడ్చినకొద్దీ చీపురే చెత్త పోస్తుంది.

సరైన అదును ఈ గుర్తులతో తెలుస్తుంది:

- కంకి మొత్తం ఆకు తొడుగు నుంచి బయటికి వచ్చి ఉండాలి.
- ముదురు ఆకుపచ్చ పోయి లేత ఆకుపచ్చ, లేదా దాని మీద ఎర్రటి జీర కనిపించాలి. పూర్తిగా గోధుమ రంగు వచ్చిందంటే ఆలస్యమైనట్టు.
- గుప్పిట్లో పట్టి కింది నుంచి పైకి దువ్వితే చేతికి నాలుగైదు గింజలకు మించి అంటకూడదు.
- ఒక సన్న కొమ్మను వేలికి చుట్టి వదిలితే విరగకుండా తిరిగి నిలబడాలి. వదిలినా వాలిపోయి ఉంటే ఇంకా లేత.

ఒకే దుబ్బులో కంకులన్నీ ఒకేసారి అదునుకు రావు. వారం, పది రోజుల తేడాతో రెండు మూడు విడతలుగా కోయండి. కూలి ఖర్చు ఆదా అవుతుందని ఒకే రోజు అన్నీ కోసేవాళ్ల సరుకులో లేతవీ ముదురువీ కలిసిపోతాయి, చూడగానే కొనేవాడు ధర దించుతాడు.

కోసే పద్ధతి:

1. మంచు పూర్తిగా ఆరాక, పొద్దెక్కాక మొదలుపెట్టండి. తడి కంకి కట్టలో పడితే నల్లబడటం ఖాయం.
2. పదునైన కొడవలితో, కంకి కింద కాడ రెండడుగులకు తగ్గకుండా ఉంచి కోయండి.
3. పీకకండి. లాగితే తేలిగ్గా వస్తుంది, పని వేగంగా అవుతుంది, నిజమే. కానీ కాడతోపాటు పక్క మొగ్గలూ, వేరూ కదులుతాయి, వచ్చే ఏడాది పూయాల్సిన పిలకలు పోతాయి. పీకిన దుబ్బు రెండేళ్లలోనే పలచబడటానికి ఇదే కారణం.
4. పూయని పచ్చ కాడల్ని ముట్టకండి. దుబ్బుకు తిండి పెట్టేవి అవే.
5. కోసినవాటిని నేల మీద పరచకుండా చాప మీదో టార్పాలిన్ మీదో, కంకులన్నీ ఒకే వైపు ఉండేలా పేర్చండి.

## 11. ఎండబెట్టడం

కోసిన రోజే ఆకులూ, తొడుగూ వలిచేయండి. ఆలస్యం చేస్తే తొడుగు కాడకు అతుక్కుంటుంది, దాని కింద చెమ్మ మిగిలి మచ్చలు వస్తాయి.

బండరాయి, తడక, టార్పాలిన్ ఏదైనా సరే, మట్టి మాత్రం తగలకూడదు. ఒక వరస మందాన పరచండి. రెండు పూటలకోసారి తిప్పండి. సాయంత్రం మంచు పడకముందే చావిట్లోకి చేర్చండి, లేదా మీద టార్పాలిన్ కప్పి అంచులకు రాళ్లు పెట్టండి. మన్యంలో జనవరి మంచు ఎలా ఉంటుందో తెలిసిందే. పగలంతా ఎండిన సరుకు ఒక్క రాత్రికి మొదటికి వస్తుంది. నల్లబడిన సరుకు చాలావరకు ఇలా రాత్రి బయట వదిలేసిందే.

మంచి ఎండకు నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఎండిందని తెలుసుకోవడం ఇలా:

- కాడను విరిస్తే టప్పుమనాలి. వంగితే ఇంకా పచ్చి.
- కంకి పీచు మాత్రం విరగకూడదు. పీచు కూడా పెళపెళమంటే ఎండ ఎక్కువైనట్టు.

అందుకే మూడో రోజు నుంచి కంకి వైపు పలచటి గుడ్డ కప్పి, కాడ వైపు మాత్రమే ఎండ తగలనిచ్చేవాళ్లు ఉన్నారు. కాస్త పని ఎక్కువే గానీ రంగు నిలుస్తుంది. మబ్బు పట్టి వాన వచ్చేలా ఉంటే పిడికెడేసి కాడల్ని వదులుగా కట్టి, కంకి కిందికి ఉండేలా వసారాలో తాడుకు వేలాడదీయండి.

## 12. దులపడం, వేరుచేయడం, నిల్వ

ఎండాక పది కాడల్ని కలిపి పట్టుకుని గుండ్రటి కర్ర మీద నెమ్మదిగా కొట్టి పొట్టు రాల్చండి. ఆ తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో ఒకసారి దువ్వితే చాలు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఈ దుమ్ము గొంతులో చాలాసేపు గరగరలాడుతుంది. కొన్నవాళ్ల ఇంట్లో రాలాల్సిన దుమ్మును మీ కళ్లంలోనే రాల్చేస్తే తర్వాత ఫిర్యాదు ఉండదు.

పొడవునూ రంగునూ బట్టి మూడు కుప్పలు చేయండి: పొడవైన లేత ఆకుపచ్చవి, మధ్యరకం, పొట్టివీ మచ్చలున్నవీ. మూడో కుప్పను పారేయనక్కర్లేదు, కట్టేటప్పుడు లోపలి నింపుడుకు పనికొస్తుంది.

నిల్వ చేయాలంటే నేలకు జానెడు ఎత్తున కర్రలు పరిచి వాటి మీద పేర్చండి. గోడకు ఆనించకండి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెడితే లోపల చెమర్చి బూజు పడుతుంది, గోనె మేలు.

## 13. చీపురు కట్టడం

1. పొట్టి కాడలు ఒక గుప్పెడు తీసుకుని మధ్యలో పెట్టండి. చుట్టూ పొడవైనవి పేర్చండి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుట్టగలిగినంత మందం వచ్చేదాకా చేర్చండి.
2. కంకి మొదలయ్యే చోట, అంటే మెడ దగ్గర, మొదటి కట్టు వేయండి. ఇది మరీ బిగించకండి. బిగిస్తే పీచు విసనకర్రలా విచ్చుకోదు.
3. నాలుగు వేళ్ల కింద రెండో కట్టు, పిడి చివర మూడో కట్టు. ఈ రెండూ గట్టిగా. వెదురు నార తడిపి కడితే ఎండాక ఇంకా బిగుసుకుంటుంది. తీగ వాడితే కొసను లోపలికి మడవండి, చేతికి గుచ్చుకుంటుంది.
4. పిడి కింద కాడలన్నీ ఒకే మట్టానికి కోయండి.
5. ఇప్పుడు పిడి అడుగు నుంచి మధ్యలోకి నాలుగైదు గట్టి ఎండు కాడల్ని ఒక్కొక్కటిగా, రాయితో నెమ్మదిగా కొడుతూ దిగ్గొట్టండి. కట్టు ఎంత బిగుసుకుంటుందో చూడండి. ఇది చేయని చీపురు కొన్నాళ్లకు కాడ ఇంకాస్త ఎండి సన్నబడగానే వదులై జారిపోతుంది.

పరీక్ష తేలిక: ఒక కాడను పట్టి గట్టిగా లాగండి. ఊడి వస్తే ఇంకో రెండు కాడలు దిగ్గొట్టండి.

## 14. అమ్మే ముందు చూసుకోవాల్సినవి

గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో కొండచీపుర్లు ఉన్నాయి. కోతకు ముందే దగ్గరి డిపోకు వెళ్లి ఆ సీజన్ ధర ఎంత, ఏ పొడవు కావాలి, బరువు లెక్కా కట్ట లెక్కా అడిగి రండి. ఆ ధర తెలిసి ఉంటే వారపు సంతలో దళారితో మాట్లాడేటప్పుడు మీ మాటకు బలం ఉంటుంది.

- తోట మీదే, పూత రాకముందే, బయానా తీసుకుని అప్పగించకండి. కోసేవాడికి దుబ్బు మీద మమకారం ఉండదు, పీకేస్తాడు.
- బరువు లెక్కన అమ్మేటప్పుడు పచ్చిగా ఇస్తే బరువు ఎక్కువ తూగుతుందన్న ఆశ వద్దు. తరుగు పేరుతో అంతకన్నా ఎక్కువే కోస్తారు.
- కట్ట లెక్కయితే మీ కట్టలో ఎన్ని కాడలో ముందే మాట్లాడుకోండి.

## 15. తోటలో కనిపించే ఇబ్బందులు

మొవ్వు ఎండిపోయి, లాగితే ఊడి వస్తోంది. కాండం తొలిచే పురుగు. ఆ కాడను నేల మట్టానికి కోసి కాల్చేయండి. ఒకటి రెండు కాడలకైతే మందు అక్కర్లేదు.

ఆకు విపరీతంగా వస్తోంది, కంకి తక్కువ. నీడ ఉందేమో ముందు చూడండి. నీడ లేకపోతే యూరియా ఎక్కువ పడిందేమో చూడండి. ఈ గడ్డికి ఏడాదికోసారి గెత్తం చాలు.

దుబ్బు నేల నుంచి పైకి లేచి, వేళ్లు బయటపడ్డాయి. మొదలు దగ్గర మట్టి కొట్టుకుపోయింది. వానల ముందు పై వైపు నుంచి మట్టి తెచ్చి మొదలుకు ఎగదోసి, కింది వైపు నాలుగు రాళ్లు పేర్చండి.

మంట తగిలింది. వేసవిలో పోడు మంటలు పాకడం కొత్త కాదు. దుంప బతికి ఉంటే వానకు మళ్లీ చిగురిస్తుంది. కాలిన కాడల్ని కోసేసి ఆగండి. కాలిస్తే చిగురు బాగా వస్తుందని కావాలని నిప్పు పెట్టేవాళ్లూ ఉన్నారు. చిగురు వస్తుంది, కానీ నేల మీది ఆకుకప్పు పోయి మొదటి వానకే మట్టి జారుతుంది. మార్చిలోనే తోట చుట్టూ 3 మీటర్ల వెడల్పున ఎండు గడ్డి, ఆకు లేకుండా గీకి ఉంచండి.

## 16. కోత తర్వాత, ముసలి దుబ్బుకు

చివరి విడత కోత అయ్యాక ఎండిన కాడల్నీ, పూసి అయిపోయిన కాడల్నీ నేలకు నాలుగు వేళ్ల పైన కోసేయండి. ఆకు పశువులకు మేత, గడ్డి దొరకని నెలల్లో బాగా అక్కరకొస్తుంది. గట్టి కాడలు చిక్కుడు పాదులకు ఊతకర్రలుగానో, పొయ్యిలోకో పనికొస్తాయి. తొలి వానలకు దుబ్బుకు ఒక తట్ట గెత్తం వేసి మట్టి కలపండి.

అయిదారేళ్లు దాటాక దుబ్బు నడిమి భాగం ఎండిపోయి, చుట్టూ వలయంలా మాత్రమే కాడలు వస్తాయి. కంకులు పొట్టిబడతాయి. అప్పుడు తోట తీసేయనక్కర్లేదు:

1. జూన్‌లో దుబ్బు మధ్యలో గునపం దింపి, ఎండిన దుంపను పూర్తిగా తవ్వి తీయండి.
2. ఆ గుంతను గెత్తం కలిపిన కొత్త మట్టితో నింపండి.
3. వలయం నుంచి రెండు మంచి పిలకలు తీసి ఆ మధ్యలో నాటండి.
4. మిగిలిన వలయంలో బలహీనంగా ఉన్న కాడల్ని తొలగించండి.

తోటంతా ఒకే ఏడాది ఇలా చేస్తే ఆ శీతాకాలం చేతికి పంట రాదు. మూడో వంతు వరసలు ఈ ఏడాది, మూడో వంతు వచ్చే ఏడాది, మిగతావి ఆపై ఏడాది చేయండి. వాలు మీద ఒకదాని పక్కన ఒకటి ఉన్న వరసల్ని కాకుండా, రెండు వరసలు వదిలి మూడోది ఎంచుకుంటే తవ్విన మట్టిని కింది వరస ఆపుతుంది.